పేపర్లు తప్ప ఏముంటాయక్కడ?

(గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజున, నవంబర్ 14 సాయంత్రం, మా శాఖా గ్రంథాలయంలో మాట్లాడిన మాటలివి. మాట్లాడినవారు ఇక్కడే చాలా ఏళ్లు గ్రంథపాలకుడిగా చేసి రిటైరయ్యారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించాం.)

వేదిక మీది పెద్దలకి, కుర్చీల్లో ఉన్న పెద్దలకి, వాళ్లందరికన్నా ముందు వచ్చి చాపల మీద కూర్చున్న పిల్లలకి నమస్కారం. పిల్లలూ, నా మాటలయ్యాక మీకు బిస్కెట్లు పంచుతారట. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ఎవరూ లేచి వెళ్లరని ధైర్యంగా మాట్లాడతాను.

ఇందాక బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆయన, ఊళ్లో లైబ్రరీ ఉందా అని అడిగాడు. టీ కొట్టు అబ్బాయి మంచివాడే, దారి సరిగ్గానే చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? "ఉందిగానీ సార్, పేపర్లు తప్ప ఏముంటాయక్కడ?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ముప్పై ఏళ్లు ఇక్కడే కూర్చున్న మనిషిని. ఏమీ అనలేదు, టీ డబ్బులిచ్చి వచ్చేశాను. కానీ దారి పొడుగునా అదే మాట. పేపర్లు తప్ప ఏముంటాయక్కడ? సరే, ఇవాళ దానికే జవాబు చెబుదామనుకున్నాను.

ఈ వారంలో ఏటా ఎవరో ఒకరు గ్రంథాలయోద్యమం గురించి చెబుతారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు మొదటి సభ పెట్టడం, 1935లో పాటూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకి పంపడం, అదంతా నిజం, గొప్పది. రేపో ఎల్లుండో ఇంకొకరు చెబుతారు, వాళ్లకి వదిలేస్తున్నాను. నేను చేసేదొకటే. ఈ గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆ చివరి బీరువా దాకా మిమ్మల్ని నడిపిస్తాను. కూర్చునే నడవండి, ఫరవాలేదు.

గుమ్మంలోకి రాగానే ఏముంది? బల్ల. బల్ల మీద పేపర్లు. అవును, పేపర్లే! టీ కొట్టు అబ్బాయి అబద్ధం చెప్పలేదు. పొద్దున తలుపు తీసేసరికే నలుగురైదుగురు మెట్ల మీద ఉంటారు. పేపరు మొత్తం ఒకరికే దొరకదు. జిల్లా పేజీలు ఒకరు, ఆటల పేజీ ఒకరు, ధరల పేజీ ఒకరు పంచుకుంటారు. మా రోజుల్లో ఒక పెద్దాయన ఉండేవారు, చనిపోయినవారి ఫొటోలుండే పేజీ ముందు చూసేవారు. "మనవాళ్లెవరూ లేరు, హమ్మయ్య" అని, అప్పుడు మొదటి పేజీ తీసేవారు. ఇంట్లో పేపరు వేయించుకోలేకా ఇక్కడికొస్తారు? కొందరు అందుకే. చాలామంది మాత్రం పేపరు చదివాక దాని మీద పోట్లాడ్డానికి ఇంకో మనిషి కావాలని వస్తారు. అది ఇంట్లో దొరకదు కదా.

ఒక్కటి అడుగుతాను, చేతులెత్తండి. ఇంటిపన్ను రసీదు పూర్తిగా చదివినవాళ్లెంతమంది? ఒకటి, రెండు... మూడు. సరే. ఇంటికెళ్లి చదవండి. లైబ్రరీ సెస్సు అని ఒక గడి ఉంటుంది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. 1960లో చేసిన గ్రంథాలయాల చట్టం కింద అది మీ దగ్గర వసూలవుతోంది. వెయ్యి రూపాయల పన్నయితే 80 రూపాయలు. ఆ డబ్బు ఇక్కడిదాకా ఎప్పుడు చేరుతుంది, ఎంత చేరుతుంది అనేది వేరే పురాణం, అది మొదలుపెడితే బిస్కెట్లు మెత్తబడిపోతాయి. నేను చెప్పేదేమిటంటే, మీరు చందా కట్టేసి, లోపలికి రాకుండా ఉన్నారు. సినిమాకి టికెట్టు కొని బయట నిలబడ్డట్టుంది.

బల్ల దాటితే రాకులు. ఇక్కడ పుస్తకాల వీపు మీద తెల్ల చీటీలు, చీటీల మీద అంకెలు. ఒకసారి ఒక పాప, రెండో తరగతో మూడో తరగతో, ఒక పుస్తకం తెచ్చి, "తాతయ్యా, ఇది 894 రూపాయలా?" అని అడిగింది. అంతకన్నా మంచి ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు. అది రేటు కాదమ్మా, పుస్తకం ఇంటి నంబరు.

ఆ నంబర్లు వేసే పద్ధతి 1876లో అమెరికాలో డ్యూయీ అనే ఆయన పెట్టాడు. లోకంలో ఉన్న చదువంతటినీ పది వాటాలు చేశాడు. 200లు మతం, 500లు సైన్సు, 900లు చరిత్ర, భూగోళం. 800లు సాహిత్యం. బాగానే ఉంది. ఆ సాహిత్యం వాటా ఎలా పంచాడో చూడండి. 810 అమెరికా వాళ్లకి, 820 ఇంగ్లీషుకి, 830 జర్మన్‌కి, తర్వాత ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకు. అందరికీ తలా ఒక పదీ ఇచ్చి, ఆఖరున మిగిలిన 890లో ప్రపంచంలో మిగిలిన భాషలన్నిటినీ సర్దాడు. రష్యన్ అందులోనే, చైనీస్ అందులోనే, సంస్కృతం అందులోనే. మన తెలుగు 894.827. 2011 లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాట్లాడే భాషకి చుక్క తర్వాత చోటు! కోపం వస్తుందా? నాకు మొదట్లో వచ్చేది. తర్వాత ఆ చీటీలు వేలకి వేలు అతికించాక కోపం పోయింది, వేళ్లకి జిగురు మాత్రం మిగిలింది. ఇప్పుడు మీకు కిటుకు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. 894.827 పక్కన 1 ఉంటే కవిత్వం, 2 ఉంటే నాటకం, 3 ఉంటే కథ, నవల. అంతే. ఎవర్నీ అడక్కుండా వెతుక్కోవచ్చు.

పిల్లల బీరువా ఇటు పక్క. చందమామ బైండులున్నాయి. 1947 జులైలో మొదలైన పత్రిక, మన దగ్గర మొదటి సంచికలు లేవుగానీ తర్వాతివి చాలా ఉన్నాయి. దాని కింది అరలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలున్నాయి, దళసరి కాగితం, రంగుల బొమ్మలు. సోవియట్ యూనియన్ 1991లో పోయింది, ఆ పుస్తకాలూ రావడం ఆగిపోయాయి. పిల్లలూ, ఒకసారి తెరిచి వాసన చూడండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా. మీ వెనక కూర్చున్న మీ నాన్నగార్ని అడగండి, ఆయనకి ఆ వాసన గుర్తుంటుంది.

ఆ కిటికీ పక్క బల్ల పోటీ పరీక్షల వాళ్లది. నిజం చెప్పాలంటే ఇవాళ ఈ లైబ్రరీని నిలబెడుతున్నది వాళ్లే. పొద్దున వస్తారు, అన్నం క్యారేజీ తెచ్చుకుంటారు, లైట్లు తీసేదాకా కదలరు. తెలుగు అకాడమీ పుస్తకాలు వాళ్లకి ఎన్ని తెచ్చినా చాలవు. వాళ్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే వాళ్లు ఇప్పుడు కూడా అక్కడే కూర్చుని చదువుకుంటున్నారు, నా మైకు వాళ్లకి అడ్డం. క్షమించండి బాబూ, ఇంకాసేపే.

ఇప్పుడు తాళం వేసిన బీరువా. రిఫరెన్సు. ఇందులోవి ఇంటికివ్వరు, ఇక్కడే చూసుకోవాలి. అందుకే జనం దీని జోలికి రారు. ఇందులో బ్రౌన్ దొర నిఘంటువు ఉంది, సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలున్నాయి. పిఠాపురం రాజావారి పోషణలో తయారైంది, మొదటి సంపుటం 1936లో వచ్చింది, మొత్తం ఎనిమిది. మన దగ్గర ఏడే ఉన్నాయి. ఎనిమిదోది ఎవరింట్లో ఉందో వాళ్లకి తెలుసు, నేనిప్పుడు పేరు చెప్పను.

ఈ బీరువా ఎవరికి పనికొస్తుందండీ అంటారు. వినండి. ఒక రైతు వచ్చాడు. తాతగారి నాటి శిస్తు రసీదు తెచ్చాడు. మడతల దగ్గర చిరిగి, వెనక బట్ట అతికించి ఉంది. దాని మీద ఫసలీ 1342 అని ఉంది. "ఇదేం సంవత్సరమండీ, హిజ్రీయా?" అన్నాడు. కాదయ్యా, ఫసలీ అంటే రెవెన్యూ వాళ్ల సంవత్సరం. ఆ అంకెకి 590 కలుపు. 1932. జులై 1న మొదలవుతుంది కాబట్టి 1932 జులై నుంచి 1933 జూన్ దాకా. రెండు నిమిషాల పని. దానికోసం ఆయన అప్పటికి ఇద్దరు ముగ్గురికి తిరిగి, ఒకరికి డబ్బులు కూడా ఇచ్చి వచ్చాడు.

ఇంకొకటి. ఒక పెద్దావిడ, గోదావరి వైపు నుంచి ఈ ఊరు కోడలిగా వచ్చినావిడ. ఏదో కాగితానికి పుట్టినరోజు కావాలన్నారట. బడికి వెళ్లలేదు, సర్టిఫికెట్టు లేదు. "మా అమ్మ చెప్పేదయ్యా, విజయ నామ సంవత్సరం, వరదొచ్చిన ఏడు, కృష్ణాష్టమి నాడు పుట్టానని" అంది. ఆవిడ దగ్గర ఇంకేం లేదు, ఆ ఒక్క ముక్క. అది చాలదా? పంచాంగాల కట్ట దించాం. విజయ అంటే 1953. ఆ ఆగస్టులోనే గోదావరికి పెద్ద వరద. పంచాంగం పసుపు అట్ట, అంచులు ఎలక కొరికింది. లోపల శ్రావణ మాసం పేజీ తీస్తే, బహుళ అష్టమి ఎదురుగా ఇంగ్లీషు తేదీ అచ్చేసి ఉంది. ఎవరో రైతు కాబోలు, ఆ పేజీ అంచున పెన్సిలుతో నారుమడి లెక్కలు వేసుకున్నాడు. ఆవిడకి చదవడం రాదు. ఆ గడి మీద వేలు పెట్టించాను. కాసేపు వేలు తియ్యలేదు. తర్వాత, "అయితే లక్ష్మీవారమా, శుక్రవారమా, అదీ చెప్పు" అంది.

ఆ కాగితం ఆఫీసులో పనికొచ్చిందా అంటే, పంచాంగం మాకు ప్రూఫు కాదన్నారట. సరే, అది వాళ్ల రూలు. ఆవిడకి మాత్రం పుట్టినరోజు దొరికింది.

ఆడవాళ్లు ఈ పక్కన ఎక్కువమందే ఉన్నారు కాబట్టి ఇది చెప్పాలి. నవలల రాకు వెనక ఒక అర ఉంది, దాని మీద నంబర్లు లేవు. అందులో ఉన్నవి కొన్న పుస్తకాలు కావు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్లు వచ్చేవి. ఇళ్లల్లో ఆడవాళ్లు వారం వారం ఆ కాగితాలు జాగ్రత్తగా చింపి, దాచి, సీరియలు అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి బైండు చేసుకునేవారు. గుర్తుందా అమ్మా? ఆ, తలలూపుతున్నారు. అలాంటివి మన దగ్గర ఓ అరనిండా ఉన్నాయి. కోడళ్లు ఇల్లు సర్దుతూ ఇచ్చినవి, ఆ తరం పోయాక మనవలు ఆటోలో తెచ్చి పడేసినవి.

ఒకటి పట్టుకొచ్చాను, చూడండి. వెనక వాళ్లకి కనపడదేమో, ఎత్తి పట్టుకుంటాను. ఇది ఆకుపచ్చ దారంతో కుట్టింది. ఇటు కథ, కాగితం తిప్పితే సబ్బు ప్రకటన సగం, వంటల శీర్షిక సగం, ఎవరిదో ప్రశ్నకి జవాబు సగం. కథ కన్నా నేను ఆ సగాలే ఎక్కువ చదివాను. ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ చోట అచ్చు కాగితం లేదు. రూళ్ల నోట్‌బుక్ కాగితాలు ఎనిమిది, నీలం సిరా, చేత్తో రాసినవి. పైన ఏముందో చదువుతాను: "ఈ వారం పత్రిక మనకు రాలేదు. ఎదురింటివారిది అడిగి తెచ్చి రాసుకున్నాను. రాత్రికే తిరిగి ఇవ్వాలి." అంతే. పేరు లేదు. కింద కథ మొదలు. ఎనిమిది పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. చివర పేజీకి వచ్చేసరికి అక్షరాలు వాలిపోయాయి, చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. పొయ్యి మీద ఏదో పెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రికి తిరిగివ్వాల్సిన పత్రిక పక్కన పెట్టుకుని రాసింది ఆవిడ. ఆ సీరియలు తర్వాత నవలగా వచ్చింది, ఆ రాకులో ఉంది కూడా, ఎవరికైనా దొరుకుతుంది. ఈ ఎనిమిది కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

కుర్రాళ్లు ఫోన్లు చూస్తున్నారు, మంచిది. మీరడగబోయేది నాకు తెలుసు. "అన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఇదంతా ఎందుకు సార్?" అవును, దొరుకుతున్నాయి. పాత తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, నేనూ రాత్రుళ్లు అవే చదువుతున్నాను, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, నా కళ్లకి అదే హాయి. బ్రౌన్ నిఘంటువు కోసం మీరు ఇక్కడిదాకా రానక్కర్లేదు. ఒప్పుకున్నాను. కానీ మన ఊరి హైస్కూలు వార్షికోత్సవ సంచిక ఫోన్లో వెతకండి. మన సహకార సంఘం పాత వార్షిక నివేదిక వెతకండి. శ్రీరామనవమి పందిట్లో ఏ ఏడు ఏ నాటకం వేశారో, హార్మోనియం ఎవరో, ఆ గులాబీ రంగు కరపత్రం వెతకండి. దొరకవు. అవి ఇక్కడున్నాయి. ఎలా ఉన్నాయి? కట్టలు కట్టి, తాడు బిగించి, ఏ రిజిస్టర్లోనూ ఎక్కించకుండా ఉన్నాయి. అది నా తప్పే. కొన్న పుస్తకానికి యాక్సెషన్ రిజిస్టర్లో నంబరు వేస్తాం, ధర రాస్తాం, అది పోతే నా జీతంలో కోస్తారు. కరపత్రానికి ధర లేదు, కాబట్టి నంబరు లేదు. నంబరు లేనిది పోయినా అడిగేవాడు లేడు. అందుకే పోతాయి.

తప్పు అన్నాను కాబట్టి ఇంకో పెద్ద తప్పు కూడా చెప్పేస్తాను. ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు. నేను 1986లో చేరాను. అప్పటికే ఆ వెనక గదిలో పేపర్ల కట్టలు అటక దాకా ఉండేవి. వానాకాలం చెమ్మ, చెదలు. కలరా ఉండలు ఎన్ని వేసినా లాభం లేదు. 97లోనో 98లోనో, పాత పేపర్లు అమ్మేసుకోవచ్చని పర్మిషన్ వచ్చింది. నాకు సంబరం. కొత్త రాకుకి చోటు దొరుకుతుందని. పాత పేపర్ల అతన్ని పిలిచి, కాటా పెట్టించి, ఒక్క పూటలో గది ఖాళీ చేశాను. కట్టల మీద నెలలు రాసి ఉన్నాయి. చదివానా? చదవలేదు. లెక్క కిలోల్లో రాశాను.

మూడేళ్లు పోయాక ఒక అమ్మాయి వచ్చింది, యూనివర్సిటీలో చదువుతోంది. దివిసీమ ఉప్పెన మీద రాస్తున్నానండీ, 1977 నవంబర్ పేపర్లు ఉన్నాయని మా మాస్టారు చెప్పారు, ఆయన కుర్రతనంలో ఇక్కడే చూశారట అంది. నవంబర్ 19 ఉప్పెన. ఇవాళ కుర్చీల్లో ఉన్నవాళ్లలో ఆ రాత్రి చూసినవాళ్లున్నారు, నేను వర్ణించక్కర్లేదు. ఆ అమ్మాయికి నేనేం చెప్పాలి? అమ్మేశానని చెప్పాను. ఏమీ అనలేదు పాపం. "ఎన్ని కట్టలండీ?" అని మాత్రం అడిగింది. నాకు కిలోలే తెలుసు.

వేటపాలెం వెళ్లమ్మా అని చెప్పి పంపాను. అక్కడి గ్రంథాలయం సారస్వత నికేతనం, 1918లో పెట్టింది. మనలాంటి చిన్న ఊరే కదా వేటపాలెం? వాళ్లు పాత పత్రికలు పారెయ్యలేదు. అందుకని ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ ఊరు వెతుక్కుంటూ పోతారు. గాంధీగారి విరిగిన చేతికర్ర కూడా దాచారు వాళ్లు. కర్ర విరిగితే మనమైతే ఏం చేసేవాళ్లం? పొయ్యిలో పెట్టేవాళ్లం.

కథ ఇంకా ఉంది. నేను రిటైరయ్యే ఏడు, ఇదే రిఫరెన్సు బీరువాకి రంగు వేయించాం. అరలు ఖాళీ చేస్తే అడుగున పరిచిన పేపరు ఉంది, ఎప్పుడో ఎవరో పరిచింది, బీరువా రంగు అంటుకుని అట్టలా అయిపోయింది. పెయింటరు గోకి పారెయ్యబోతుంటే తేదీ కనపడింది. నవంబర్ 1977. ఒక్క కాగితం, అందులోనూ సగం. ఉప్పెన బాధితులకి విరాళాలిచ్చినవాళ్ల జాబితా. ఒక బడి పిల్లలు 31 రూపాయలు. ఒక రిక్షా సంఘం 50. పేరు రాయవద్దన్నవారు 5 రూపాయలు. అది ఫ్రేము కట్టించాను, అదిగో, గడియారం కింద ఉంది. ఇన్నేళ్లూ దాన్ని మీరు క్యాలెండరు అనుకుని ఉంటారు. ఆ అమ్మాయి అడ్రసు రాసి పెట్టుకోలేదు, లేకపోతే జిరాక్సు పంపేవాణ్ణి.

టైమెంతయింది? సరే, ముగిస్తాను. ఆఖరి బీరువా మిగిలింది, ఆ మూల ఉన్నది. కట్టలన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడున్న గ్రంథపాలకురాలు అమ్మాయి నాకన్నా తెలివైంది, ఒక వంద పేజీల లాంగ్ బుక్కు కొనిపెట్టింది, ధర లేనివాటికి కూడా నంబరు వేద్దామని. తనొక్కతే చెయ్యలేదు. ఏ కట్టలో ఏముందో, ఫొటోలో ఎడమ నుంచి రెండోవాడు ఎవరో చెప్పడానికి మీలాంటి పెద్దవాళ్లు కావాలి. రాయడానికి దస్తూరి బాగున్న పిల్లలు కావాలి. రేపు ఆదివారం కాదుగానీ, వారోత్సవాలు 20 దాకా ఉన్నాయి, రోజూ సాయంత్రం నేనిక్కడే ఉంటాను.

బీరువా తాళం నా దగ్గరే ఉంది, ఇదిగో. కొంచెం బిగుసుకుంది, కొబ్బరినూనె వెయ్యాలి. దుమ్ముకి తుమ్ములొస్తాయి, రుమాళ్లు తెచ్చుకోండి. పిల్లలూ, బిస్కెట్లు తిన్నాక చేతులు కడుక్కుని రండి, జిడ్డు చేతులతో కాగితం ముట్టుకోనివ్వను. నమస్కారం.